జానెడు పక్కకి

మట్టి గురించి నాకు తెలియనిది లేదని ఇరవై రెండేళ్లు చెప్పుకుంటూ తిరిగాను. మార్చిలో ఒక మంగళవారం మధ్యాహ్నం, మా తమ్ముడి పొలంలో, ఛాతీ లోతు గోతిలో నిలబడ్డప్పుడు ఆ గొప్ప దిగిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్తాను. నన్ను నేను వెనకేసుకు రాను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది, మధ్యలో ఎవరి మీదైనా విసుక్కుంటే పట్టించుకోకండి.

నా పేరు త్యూరా. నేల మీద పడ్డ వాన బావిదాకా ఎలా చేరుతుందో కనిపెట్టడం నా ఉద్యోగం. పైన పంట వేళ్లు, అడుగున ఊట. ఆ రెండింటి మధ్య ఉన్న మట్టి పూర్తిగా తడిసీ ఉండదు, పూర్తిగా ఎండీ ఉండదు. దాని సందుల్లో కొంత నీరు, కొంత గాలి. అందులోంచి నీళ్లు ఎంత మెల్లగా దిగుతాయి, వెంట ఏం మోసుకుపోతాయి అన్నదే నేను చదివిన చదువంతా. కాపురం ఓడెన్సె పట్నంలో. పుట్టి పెరిగింది మాత్రం అక్కడికి అరగంట దూరంలో ఉన్న రావ్‌నెరూప్‌లో. నూట నలభై గడప. రెండు బావులు, ఒక పంపుల గది, వాటిని చూసుకునే నీళ్ల సంఘం, అన్నీ ఊరివే. మా దేశంలో నీళ్లలో ఏ మందూ కలపం. భూమిలోంచి తోడి నేరుగా కుళాయికి వదులుతాం. పరాయివాళ్లకి ఆ సంగతి చెప్పేటప్పుడు మా ఛాతీ కొంచెం పొంగుతుంది.

కిందటి అక్టోబరులో ఆ బావుల్లో ఒకదాంట్లో కలుపుమందు తేలింది. హద్దుకి కాస్త పైన. తాగినవాళ్లు పడిపోయేంత ఏమీ లేదు. కానీ ఊరు అట్టుడికిపోయింది. బావికి ఎగువన ఉన్నవి రెండే. ఒకటి మా తమ్ముడు ఆస్గెర్ పొలం, ముప్పై హెక్టార్లు. రెండోది గుడ్రున్ ఇల్లు. గుడ్రున్‌కి డెబ్బై ఎనిమిదేళ్లు. నాకూ ఆస్గెర్‌కీ అక్షరాలు దిద్దించిన టీచరు. ఆవిడ వాకిలంతా గుండ్రాళ్లు పరిచి ఉంటుంది, రాళ్ల మధ్య ఒక్క గడ్డిపోచ కనపడదు. ఆ శుభ్రమే ఆవిడ కొంప ముంచింది. మందు కొట్టకుండా అంత శుభ్రంగా ఎలా ఉంటుందని ఒకరన్నారు, అవునవునని పదిమంది అన్నారు. గేటు దగ్గర ఆవిడ అమ్మకానికి పెట్టే గుడ్లు పెట్టినవి పెట్టినట్టే ఉండిపోతున్నాయని నవంబరులో ఆస్గెర్ చెప్పాడు. 

పొలం వల్ల కాదని తేల్చింది ఎవరనుకున్నారు? నేనే.

తొమ్మిదేళ్ల కింద ఆస్గెర్ పొలంలో పన్నెండు గొట్టాలు దించాను. ఒక్కోదాని కొసకి బొటనవేలంత తెల్లటి పింగాణీ తొడుగు ఉంటుంది. పైనుంచి పంపుతో గాలి లాగితే, చుట్టూ మట్టి పట్టుకుని ఉన్న తడిని ఆ పింగాణీ బొట్టు బొట్టుగా పీల్చి పైన సీసాలోకి పంపిస్తుంది. నెలకోసారి వచ్చి సీసాలు పట్టుకెళ్లి పరీక్ష చేసేదాన్ని. తొమ్మిదేళ్లలో ఒక్క సీసాలోనూ మందు జాడ లేదు. మీటరు లోతు చేరేలోపే బంకమన్ను మందుని పట్టేసుకుంటోందని రాశాను. రాసి సంతకం పెట్టాను. ఆ కాగితాల బలం మీదే ఆస్గెర్ ఏటా మందు కొడుతున్నాడు. పొలం కాకపోతే ఇక మిగిలింది గుడ్రునే కదా!

ఆ మంగళవారం సాయంత్రమే ఏడింటికి నీళ్ల సంఘం సర్వసభ్య సమావేశం. కాలుష్యానికి కారణం గుడ్రున్ అని పురపాలక సంఘానికి పేరు రాసి పంపాలా వద్దా అన్నది ఓటుకి పెడుతున్నారు. పేరు వెళ్లిందంటే ఆవిడ వాకిలీ ఇంటి పునాదీ తవ్విపోస్తారు. అంతకన్నా ఘోరం, బతికున్నన్నాళ్లూ ఊరి నీళ్లు పాడుచేసిన మనిషిగా ఆ ఊళ్లోనే బతకాలి. 

"త్యూరా, నీ అంకెలు మాలాంటి వాళ్లకి ఎక్కవు. ఒక్క బొమ్మ తీసుకురా. మట్టిలో నీళ్లు ఆగిపోవడం జనం కళ్లారా చూడాలి," అన్నాడు సంఘం అధ్యక్షుడు హోల్గర్. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇంటింటికీ ఉత్తరాలు పంచినవాడు, జనానికి ఏది ఎక్కుతుందో తెలిసినవాడు.

నాకు ఆ మాట తెగ నచ్చింది. సోమవారం పొద్దున్నే ఆస్గెర్ పొలానికి వెళ్లి, మూడో నంబరు గొట్టం పక్కన మీటరు చదరం గీసి, మిఠాయిల్లో వాడే నీలం రంగు కలిపిన నీళ్లని గట్టి వాన కురిసినట్టు చల్లాను. ఒక రోజు ఆగి తవ్వితే నీళ్లు ఎంతవరకూ దిగాయో నీలమే చెప్తుంది. జానా, జానెడున్నర, అంతకు మించి దిగదని నాకు ముందే తెలుసు.

చల్లుతుండగా గుడ్రున్ సైకిలు నడిపించుకుంటూ గట్టు మీద వెళ్తూ ఆగింది.

"ఏమే త్యూరా, నేలకి నీలం పెడుతున్నావా, తెల్లబట్టలకి పెట్టినట్టు?"

"రేపు మీటింగులో చూపించడానికి, గుడ్రున్."

"నా మీదకా?"

"మీ మీదకి కాదు. మట్టి ఏం చెప్తే అదే చూపిస్తాను."

"మట్టికి నోరెక్కడిది? దాని తరఫున మాట్లాడేది నువ్వు." సైకిలు బెల్లు మీద వేలు పెట్టి తిప్పింది. "చిన్నప్పుడూ ఇంతే. లెక్క చెయ్యకముందే జవాబు రాసేసేదానివి."

నాకు చుర్రుమంది. జవాబు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది కదా అని అరుద్దామనుకునేలోపు ఆవిడ వెళ్లిపోయింది. వెనకనుంచి చూస్తే చిక్కి సగమైపోయింది. ఆ చలికాలంలో ఆవిడతో నేను మాట్లాడింది అదే మొదటిసారి. సిగ్గుపడాల్సిన విషయం, అప్పటికి పడలేదు.

మంగళవారం మధ్యాహ్నం రై రొట్టె తిని, ఆస్గెర్ తన చిన్న పొక్లెయిన్ తెచ్చాడు. నాకన్నా ఆరేళ్లు చిన్న. మనిషి భారీ, మనసు పసివాడిది, నోరు మాత్రం ఊరుకోదు.

"అక్కా, ఈ గొయ్యి ఎవరికోసం?"

"నీ నోరు ఆగకపోతే నీకే. నీలం చదరం అంచు తగలకుండా తవ్వు. ఛాతీ లోతు చాలు."

తవ్వాడు. నేను దిగి, గోతి గోడని తాపీతో చెక్కి నున్నగా చేశాను. పైన వేలెడు మందం అంతా నీలం. కింద జానెడు దాకా మరకలు మరకలుగా నీలం. ఆ కింద శుభ్రమైన పచ్చగోధుమ రంగు బంకమన్ను, మీటరు దిగినా మచ్చ లేదు. నాకు కడుపు నిండిపోయింది.

"చూశావా? చెప్పానా?" అన్నాను.

ఆస్గెర్ పైనుంచి వంగి చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. ఐదు నెలలుగా వాడు బిగబట్టిన ఊపిరి అది. "హమ్మయ్య. ఫోటో తీసుకో. కాఫీ తాగుదాం పద."

ఫోటో తీశాను. పొక్లెయిన్ నీడ సరిగ్గా గోడ మధ్యలో పడి బొమ్మ పాడైంది. ఇంకొకరైతే అదే చాలనుకునేవారు. నాకు ఊరంతా చూసి ఆహా అనాలి. "ఇంకో జానెడు లోపలికి చెక్కుతాను, బండి వెనక్కి తియ్యి," అన్నాను.

రెండోసారి చెక్కుతుంటే మోచేతి లోతులో ఒక నీలం చుక్క కనిపించింది. పెన్సిలంత. పైనుంచి రంగు తాపీకి అంటుకుని వచ్చిందేమో అనుకుని తాపీ తుడిచి మళ్లీ చెక్కాను. చుక్క గీత అయింది. గీత నిలువుగా కిందికి దిగుతోంది. కత్తి తీసుకుని దాని వెంట పడ్డాను. అది వానపాము బొరియ. లోపలి గోడ అంతా నిగనిగలాడే నీలం. అరవై సెంటీమీటర్లు. ఎనభై. తొంభై. ఆగు, ఇక్కడితో ఆగిపో, నీకు దణ్ణం పెడతాను అనుకుంటూ తవ్వాను. మీటరు దగ్గర పక్కనుంచి నా మూడో నంబరు గొట్టం పింగాణీ కొస బయటపడింది. తెల్లగా, పాలపన్నులా, ఒక్క నీలం మరక లేకుండా ఉంది. దానికి సరిగ్గా జానెడు పక్కనుంచి నీలం గీత కిందికి వెళ్లిపోయింది. గోతి అడుగు దాటి ఇంకా లోతుకి పోయింది.

అడుగున అడ్డంగా మట్టి చెక్కి చూశాను. మీటరు చదరంలో ఇరవై మూడు నీలం చుక్కలు. వాటి మధ్య మట్టికి మటుకు ఎక్కడా రంగు అంటలేదు. వాన గట్టిగా పడితే చాలు, నీళ్లు మట్టిని అడక్కుండా బొరియల గోడలు పట్టుకుని జారి, వెంట ఏదుంటే దాన్ని తీసుకుని దిగిపోతున్నాయి. నా పింగాణీ తొడుగులు మట్టి పట్టుకున్న తడిని మాత్రమే పీల్చి, అంతా శుభ్రం అని తొమ్మిదేళ్లు చెప్పాయి. పక్కనుంచి పోయేదాన్ని అవి ఒక్కనాడూ రుచి చూడలేదు.

ఇంకా ఉంది. అది గుర్తొచ్చాక కత్తి పక్కన పెట్టి గోతిలోనే కూర్చున్నాను.

తొమ్మిదేళ్ల కింద బరమాతో మట్టి తొలిచి ఈ గొట్టాలు దించిన రోజున, కొన్ని చోట్ల పంపు కొడితే పీల్పు నిలవలేదు. కింద బొరియో పగులో ఉంటే గాలి లోపలికి వచ్చేస్తుంది, సీసాలో చుక్క పడదు. మా పనిలో అందరూ చేసేదే నేనూ చేశాను. బయటికి లాగి, జానెడు పక్కకి, గట్టి మట్టి చూసి దించాను. పన్నెండింట్లో అయిదింటిని అలా జరిపాను. బొరియలు ఉన్న చోటల్లా తప్పించి, నీళ్లు వెళ్లని చోట్లే వెతికి వెతికి గొట్టాలు పెట్టి, నీళ్లు వెళ్లడం లేదని రాశానన్నమాట. పైగా పీల్పు ఎంత బాగా నిలిచిందో అని మా ఆఫీసులో మెచ్చుకోళ్లు!

"ఏమైంది అక్కా? పాముందా?" అన్నాడు ఆస్గెర్.

"వానపాములున్నాయి."

దిగి చూశాడు. వాడు మొద్దు కాదు. నీలం గీత కింద వేలు పెట్టి, పైనుంచి కిందిదాకా నెమ్మదిగా రాసుకుంటూ వచ్చాడు.

"ఇవి ఇంతకుముందు లేవు కదా," అన్నాడు.

"నువ్వు దున్నినన్నాళ్లూ నాగలి వీటి మూతులు తెంపేసేది. దున్నడం మానేశాక ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, ఇంకా పెరిగాయి."

"నాగలి మానెయ్యమన్నది ఎవరు?"

నేనే. నేల పదును నిలుస్తుంది, పురుగూ పుట్రా బతుకుతాయి, దున్నడం ఆపరా అని వెంటపడి వెంటపడి మాన్పించాను. దున్నకపోతే కలుపు పెరుగుతుంది, కలుపుకి మందు కొట్టక తప్పదు. మందు ఎక్కడికీ పోదులే, నా గొట్టాలు కాపలా ఉన్నాయని నేనే ధైర్యం చెప్పాను. గోరుచుట్టు మీద రోకలిపోటు.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు.

"చెప్తాను. ఇంకేం చేస్తాను?"

"మొదటి ఫోటో ఉందిగా. అది చూపించు."

"ఒరేయ్!"

"ఆ గోడ అబద్ధమా? నిజమేగా? నీడ పడితే పడిందిలే, అది చూపించు." పైన పొలం వైపు చెయ్యి చూపించాడు. "బావి ఎగువ భూమంతా నాదే అక్కా. మందు ఆపెయ్యమంటారు. నాగలి అమ్మేసి ఏడేళ్లయింది. నేను ఏం చెయ్యాలి? గుడ్రున్ ముసలిది. ఒక వాకిలి తవ్వుతారు, మళ్లీ రాళ్లు పరుస్తారు. నాదైతే బతుకు."

"ఆవిడదీ బతుకేరా."

వాడు గోతిలోంచి పైకెక్కి, బండెక్కి, ఇంజను వేశాడు. తొట్టి నిండా మట్టి ఎత్తి గోతి మీదకి తెచ్చి ఆపాడు.

"బయటికి రా. పూడ్చేస్తాను."

"పూడ్చు. నన్నూ కలిపి పూడ్చు."

"త్యూరా, పైకి రా!" అక్కా అనలేదు.

"రాను. నీ పొలం, నీ బండి, పోసెయ్యి!" 

తొట్టి పళ్ల మధ్యనుంచి మట్టి కొద్దికొద్దిగా రాలి నా జుట్టులో పడుతోంది. వాడి ముఖం అద్దం వెనక కనబడటం లేదు. చెయ్యి జారినా, వాడు ఏడుస్తూ తప్పు మీట లాగినా అంతే సంగతులు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. తర్వాత తొట్టి పక్కకి తిరిగింది, మట్టి గట్టు మీద పడింది, ఇంజను ఆగింది. వాడు దిగి, నా వైపు చూడకుండా, తాళం చెవి బండికే వదిలేసి ఇంటివైపు నడిచి వెళ్లిపోయాడు.

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే పని చేశాను. ఫోటో చూపిస్తే రంగు వేశావంటారు, నీడ అంటారు. వస్తువు తీసుకెళ్లాలి. కత్తితో చుట్టూ కోసి, పింగాణీ కొసా నీలం బొరియా రెండూ ఒక్క పెళ్లలో వచ్చేలా తీయడానికి రెండు గంటలు పట్టింది. చేపలు మోసే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి కారెక్కించేటప్పటికి పొద్దు వాలింది.

ఊరి హాలు చేరేసరికి లోపల పాట పాడుతున్నారు. మా ఊళ్లో ఏ సమావేశమైనా, ఎవరి గొంతు ఎలా ఉన్నా, అందరూ కలిసి ఒక పాట పాడాకే మొదలవుతుంది. డెబ్బై మంది దాకా ఉన్నారు. బల్లల మీద చీజ్ బన్నులు, కాఫీ ఫ్లాస్కులు, అంగడి నుంచి తెచ్చిన సీసా నీళ్లు. గుడ్రున్ ఒక బల్ల చివర ఒంటరిగా కూర్చుని ఉంది. అటూ ఇటూ రెండేసి కుర్చీలు ఖాళీ. అయినా పాటల పుస్తకం చూడకుండా పాడుతోంది. నేను పెట్టె తెచ్చి ముందు బల్ల కింద పెట్టి, పైన నా కోటు కప్పాను. బూట్లనిండా మట్టి చూసి హోల్గర్ కనుబొమలెగరేశాడు.

"బొమ్మ దొరికిందా?" అని గుసగుసగా అడిగాడు.

"దొరికింది."

"భేష్. ఓటుకి ముందు నిన్ను పిలుస్తాను."

నివేదికలు చదివారు. పంపు మోటారు గురించి ఎవరో సణిగారు. నాకు ఒక్క మాట చెవికెక్కలేదు. ఆస్గెర్ ఎక్కడా లేడు. చివరికి హోల్గర్ గొంతు సవరించుకుని, "ఇక మనందరం ఎదురుచూస్తున్న విషయం," అన్నాడు. వెంటనే గుడ్రున్ లేచి నిలబడింది.

"హోల్గర్, నేను ముందు మాట్లాడతాను. తర్వాత మీకు మాట్లాడాల్సిన పని ఉండదు."

అందరి వైపూ తిరిగింది.

"మా ఆయన ఐనార్ చనిపోయిన ఏడాది షెడ్డులో ఆయన మందు డబ్బా దొరికింది నాకు. సగం ఉంది. అలాంటివి పట్నంలో అప్పగించాలని నాకు తెలుసు, బళ్లో పిల్లలకి చెప్పినదాన్నే. ఆ రోజు ఆయన వస్తువు ఏది చూసినా ఏడుపొచ్చేది. కళ్లముందు ఉండకూడదని వాకిలి మూల పారబోశాను. పదకొండేళ్లయింది. ఒక్కసారే. ఎవరికీ చెప్పలేదు." బల్ల అంచు పట్టుకుంది. "అక్టోబరు నుంచీ అనుకుంటున్నాను, ఒక్క డబ్బా ఇంత చేస్తుందా అని. కానీ త్యూరా తొమ్మిదేళ్లు పరీక్ష చేసింది. పొలం కాదంది. త్యూరా ఒళ్లు దాచుకుని పని చేసే పిల్ల కాదు. కాబట్టి నేనే. మీ పిల్లలకి ఆ నీళ్లు పట్టించింది నేనే. మనవరాలు వస్తే నా కుళాయి ముట్టుకోనివ్వడం లేదు. ఓట్లెందుకు, నా పేరు రాసి పంపించండి."

కూర్చుంది. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఎవరో పాపం అన్నారు. ఇద్దరు ఆడవాళ్లు లేచి వెళ్లి ఆవిడ పక్క ఖాళీ కుర్చీల్లో కూర్చున్నారు. ఒకామె ఆవిడ భుజం నిమిరింది. చెప్పేసుకున్నాక గుడ్రున్ ముఖం కూడా తేలికపడింది.

నిజం చెప్తాను. ఆ క్షణంలో నాకు నోరు మూసుకోవాలనిపించింది. ఆవిడే ఒప్పుకుంది. ఊరు క్షమించేలాగే ఉంది. తమ్ముడి పొలం మిగులుతుంది, నా పేరు మిగులుతుంది. పెట్టె కోటు కింద అలాగే ఉంటే చాలు. పొద్దున్నే వెళ్లి గొయ్యి పూడ్చెయ్యొచ్చు. అంత సుఖంగా ఉంది ఆ ఆలోచన. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇంత జరిగాక బొమ్మ అవసరమా, త్యూరా?" అన్నాడు హోల్గర్ మెత్తగా.

"అవసరమే," అన్నాను.

పెట్టె ఎత్తి బన్నుల పళ్లెం పక్కకి నెట్టి బల్ల మీద పెట్టాను. మట్టి పెళ్లని అందరి వైపూ తిప్పాను.

"ఈ తెల్లది నా గొట్టం కొస. ఈ నీలం నిన్న నేను ఆస్గెర్ పొలంలో చల్లిన నీళ్లు. ఒక్క రోజులో మీటరు దాటి ఇంకా కిందికి పోయాయి. వానపాము బొరియల్లోంచి. ఇలాంటివి మీటరు చదరంలో ఇరవై మూడున్నాయి. నా గొట్టం జానెడు దూరంలో ఉండి కూడా ఒక్క చుక్క పట్టుకోలేదు. ఎందుకంటే బొరియలున్న చోట గాలి లాగుతోందని, నేనే వాటిని పక్కకి జరిపి పెట్టాను." పెట్టెని వాళ్ల వైపు ఇంకాస్త జరిపాను. "తొమ్మిదేళ్ల నా కాగితాలు తప్పు. బావిలో మందు పొలంలోంచి వచ్చింది. ఏటా ముప్పై హెక్టార్ల మీద కొట్టేది ఎక్కడ, పదకొండేళ్ల కింద పోసిన సగం డబ్బా ఎక్కడ! గుడ్రున్, మీది ఒక్క బొట్టు కూడా చేరలేదని ప్రమాణం చెయ్యలేను. ప్రమాణాలు చేసే అర్హత నాకు లేదిప్పుడు. కానీ బావిని పాడుచేసింది మీరు కాదు."

"అంటే మీ తమ్ముడేనా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"వాడు నియమం తప్పలేదు. నా మాట నమ్మాడు."

"ఆస్గెర్ ఏమంటాడు?"

అప్పుడు చూశాను, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పొలం బట్టల్లోనే వచ్చాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. డెబ్బై తలలు వాడి వైపు తిరిగాయి.

హోల్గర్ కాగితాలు సర్దుకుంటూ, "ఇక ఓటు అక్కర్లేదు, ఈ అంశం తీసేద్దాం," అని గొణిగాడు.

"అక్కర్లేకపోవడమేంటి?" అంది గుడ్రున్. ఆవిడ గొంతు బళ్లో వినపడే గొంతులా మారిపోయింది. "ఐదు నెలలు నా వెనక ఓటేశారు కదా. ఇప్పుడు నా ముందు వెయ్యండి. నా పేరు పంపాలన్నవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. తలలు మాత్రం దిగిపోయాయి.

"పంపకూడదన్నవాళ్లు?"

మొదట లేచిన చెయ్యి ఆస్గెర్‌ది. ఆ చెయ్యి లేస్తే తన పొలం పేరే వెళ్తుందని వాడికి తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. మట్టి కొట్టుకున్న ఆ లావాటి చెయ్యిని నిటారుగా ఎత్తి, నేల చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు మిగతా చేతులు ఒకటొకటే లేచాయి. ఆ గోతిలో వాణ్ణి ఎన్నెన్ని తిట్టుకున్నానో గుర్తొచ్చి నా కళ్లు చెమర్చాయి.

గుడ్రున్ లెక్కపెట్టింది. నిజంగానే, బళ్లో లెక్కపెట్టినట్టు, వేలితో, వరసలు వరసలుగా. నా దగ్గర వేలు ఆగింది.

"నీ చెయ్యేది?"

"నాకు ఓటు లేదు గుడ్రున్. ఈ సంఘం సభ్యురాల్ని కాదు. మేముండేది పట్నంలో కదా, మా నీళ్లు వేరు."

"అవును," అంది. "మీ నీళ్లు వేరు."

వంటగదిలోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. గాజు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి, మట్టి పెళ్ల పక్కన, నా ముందు పెట్టింది.

"తాగు."

అందరూ చూస్తున్నారు. గ్లాసు ఎత్తి మొత్తం తాగాను. చల్లగా ఉన్నాయి.

"ఏమైనా తేడా తెలిసిందా?"

"లేదు."

"మాకూ తెలియలేదు," అంది గుడ్రున్. "అందుకే నిన్ను అడిగాం."

తన కోటు తీసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఆస్గెర్ తెరిచి పట్టుకున్న తలుపులోంచి ఇంటికి వెళ్లిపోయింది.